షోరూములో మార్పించిన బేరింగు

కన్యాకుమారి గురించి తెలుసుకుందామని ఇది చదవడం మొదలుపెట్టినవాళ్ళకు ముందే చెబుతున్నాను, ఆ ఊరి గురించి నా దగ్గర నాలుగు వాక్యాలకు మించి లేవు. మూడు సముద్రాలు చూశాం. సూర్యుడు మబ్బు చాటున ఉదయించాడు. ఇసుక నిజంగానే రంగురంగులుగా ఉంది. మా ఆవిడ గవ్వల దండ కొనుక్కుంది. మేం బయల్దేరింది అక్కడికే. కానీ తిరిగొచ్చాక నాకు పదేపదే గుర్తొస్తున్నది, విరుదునగర్‌కూ కోవిల్‌పట్టికీ మధ్య ఉన్న యాభై కిలోమీటర్ల రోడ్డు. అక్కడ నేనొక మనిషికి చేసిన అన్యాయం గురించి రాయకుండా సముద్రం గురించి రాయడానికి చెయ్యి రావడం లేదు.

నెల్లూరు

రెండువేల ఎనిమిది సంగతి ఇది. హైస్కూల్లో సైన్సు మేష్టారుగా రిటైరై రెండేళ్ళయింది. చేతులు మారి మా దగ్గరికొచ్చిన కారు ఒకటుంది. ప్రయాణానికి పదిహేను రోజుల ముందు దాని ముందు ఎడమ చక్రం కూత పెట్టడం మొదలెట్టింది. బేరింగు పోయిందన్నారు.

"కంపెనీ షోరూములో ఇవ్వండి. మస్తాను షెడ్డుకు మాత్రం తీసుకెళ్ళొద్దు" అంది మా ఆవిడ భారతి.

మస్తాను నా చిన్ననాటి స్నేహితుడు. వెనకటికి నా స్కూటరు విప్పి బిగిస్తే రెండు నట్లు మిగిలాయి. "ఇవి లేకపోయినా నడుస్తుందిలేరా" అని వాటిని నా జేబులో వేశాడు. భారతి వాటిని పోపులపెట్టెలో దాచి ఉంచింది, అవసరమైనప్పుడు చూపించడానికి.

నేను మస్తాను దగ్గరికే వెళ్ళాను. షోరూములో అద్దాల గదీ, అప్పాయింటుమెంటూ తప్ప పలకరించే దిక్కు ఉండదు. మస్తాను షెడ్డులో టీ వస్తుంది, కబుర్లు వస్తాయి. వాడు సుత్తితో నాలుగు దెబ్బలేసి కొత్త బేరింగు ఎక్కించాడు. కూత ఆగిపోయింది. ఇంటికొచ్చి, షోరూములో మార్పించానని చెప్పాను. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఇంతకన్నా పెద్ద అబద్ధాలే ఆడాను. వాటి వల్ల ఎవరికీ ఏమీ కాలేదు, ఇదీ అంతేననుకున్నాను.

తిరుచ్చి

మొదటి రోజు తిరుచ్చి దాకా పోయి ఆగాం. భోజనం హోటల్లో పచ్చడి అడిగితే ఎంతో మర్యాదగా కొబ్బరి చట్నీ తెచ్చి పెట్టారు. మనం పప్పూ నెయ్యీతో మొదలుపెడతాం, వాళ్ళు సాంబారుతోనే దిగిపోతారు. ముప్పై రూపాయల భోజనానికి మూడుసార్లు వచ్చి మారు అడిగారు, అది మాత్రం మన హోటళ్ళు నేర్చుకోవాల్సిందే. గోంగూర లేని ఊళ్ళో రెండో పూట తినలేనని నేను, తినేటప్పుడు ఆ మాట అనలేదేమని భారతి, ఇలా సరదాగానే సాగింది ఆ రోజు.

విరుదునగర్

రెండో రోజు మధ్యాహ్నానికి మదురై దాటాం. ఆ దారిని అప్పుడు నాలుగు వరుసలు చేస్తున్నారు. ఎక్కడ చూసినా మళ్ళింపులు, కారు నిండా దుమ్ము. విరుదునగర్ ఇంకా రాకముందే స్టీరింగు వెనక ఒక పసుపు దీపం వెలిగింది. బండి నడుస్తోంది కదా అని నేను పట్టించుకోలేదు. ఊరి మొదట్లో మిరపకాయ బస్తాల లారీ ముందు నెమ్మదించింది. బ్రేకు తొక్కాను. కాలి కింద పెడలు గరగరమని కొట్టుకుంది, బండి మాత్రం పోతూనే ఉంది. చివరికి లారీ వెనక చెక్కకు బంపరు ఆనించి ఆగింది.

భారతి ఒళ్ళో ఉన్న మరచెంబును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది. లారీ డ్రైవరు దిగొచ్చి, తన చెక్కను చూసుకుని, మా బంపరు చూసి, పెద్దగా తుమ్మాడు. మేమూ తుమ్మాం. ఆ మిరపకాయల ఘాటులో ఎవరికీ కోపం తెచ్చుకునే వీలు లేకపోయింది. బైపాసు పక్కనున్న ఒక షెడ్డును ఆయనే చూపించాడు.

ఆ పసుపు దీపం సంగతి కాస్త చెప్పాలి. ఇలాంటి కార్లలో ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సరు ఉంటుంది, చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో లెక్కపెడుతూ. బ్రేకు వేసినప్పుడు ఏ చక్రమైనా బిగుసుకుపోయి జారితే, ఆ లెక్క చూసి కారులోని కంప్యూటరు బ్రేకును కాస్త వదులు చేస్తుంది. లెక్క తప్పిందంటే, జారని చక్రం కూడా జారిందనుకుని వదిలేస్తుంది. మాకు జరిగింది అదే.

షెడ్డులో మా కారు చూసినాయన పేరు గురుసామి. సన్నటి మనిషి, నుదుటి విభూతి మీదా కాస్త గ్రీజు. తప్పు ఎవరిదని మేమిద్దరం వాదించుకుంటుంటే విని నవ్వాడు.

"తెలుగోళ్ళా సార్? యా ఊరు మీది? మేమూ ఇంట్లో తెలుగు దానే మాట్లాడేది. చదివేది రాదు."

ఆయన 'దినం' అంటే నేను 'రోజు' అని, 'దానే' అంటే 'కదా' అని సరిచేశాను. పదవీ విరమణ చేసినా ఎర్రసిరా అలవాటు పోలేదు. మా నాయనమ్మ కూడా దినమనే అనేదని భారతి గుర్తు చేసింది.

ఆయన ఒక చిన్న యంత్రం తగిలించి చూసి, ముందు ఎడమ చక్రం సెన్సరని చెప్పాడు. చక్రం పైకెత్తి, చేత్తో తిప్పి, దగ్గరగా చెవి పెట్టి విన్నాడు. మళ్ళీ తిప్పాడు.

"బేరింగు ఎప్పుడన్నా మార్చిండారా సార్?"

భారతి మూడడుగుల దూరంలో స్టూలు మీద కూర్చుని ఉంది.

"మార్పించాం, పదిహేను రోజులైంది. షోరూములో" అన్నాను. చివరి మాట కాస్త గట్టిగానే అన్నాను.

"షోరూమంటే ప్రెస్సులో పెట్టి నొక్కి నేరుగా ఎక్కించుంటారు. దాన్ని తాకే పనిలేదు. సెన్సరే పోయుంటాది."

కొత్త సెన్సరు మదురై నుంచి పొద్దున బస్సులో రావాలి. ఆ సాయంత్రం మేం నూనెలో వేయించిన పరోటాలు తిన్నాం. అక్కడ పరోటాను పెనం మీద కాల్చరు, నూనెలో ముంచి తేల్చి, నలిపి, పైన పలచటి కూర పోసి ఇస్తారు. ఒకటి ఆరు రూపాయలు. రెండు తిని మూడోదానికి చెయ్యి చాచాను.

పరోటాలు తినొచ్చి షెడ్డులో టీ తాగుతుండగా భారతి గురుసామి చేత కబుర్లు చెప్పించింది. ఆయన ఉండేది శివకాశి పక్కనున్న తిరుత్తంగల్‌లో. భార్య అక్కడే మత్తాపుల కంపెనీలో పని చేస్తుంది, మనం కాకరపువ్వొత్తులంటాం. ఆయన జేబులో ఫోటో రీలు డబ్బీ ఒకటుంది. అదేమిటని భారతి అడిగితే మూత తీసి చూపించాడు. నల్లటి పొడి.

"ఇనుపపొడి అక్కా. మత్తాపులో వేసేది. మా ఇంటామె పనిచీర ఉతికేముందు అయస్కాంతంతో తడిమితే ఇంత వస్తాది. యంత్రం చెప్పలేనిది ఒక్కోతూరి ఇది చెప్తాది."

అప్పుడే ఇంకో సంగతీ చెప్పాడు. మర్నాడు పదకొండు గంటలకు ఆయన కోవిల్‌పట్టిలో ఉండాలి. అక్కడ పెద్ద సర్వీసు సెంటరు కొత్తగా తెరుస్తున్నారు. చేతిపని చూసి నలుగురిని తీసుకుంటారు.

"పందొమ్మిదేండ్లు ఈ షెడ్డులో ఉండానక్కా. కొత్త కార్లంతా ఇంగ అట్లాటి చోటికే పోతాయి. షెడ్డు పెట్టిన మొదలాళీ కూడా అక్కడికే పోరా అనేసినాడు. నలభై అయితే ఫారమే తీసుకోరంట. నాకు వచ్చే నెల నలభై."

"మరి మా పని?" అన్నాను నేను. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదీ.

"ఎనిమిదికి బస్సు వస్తాది సార్, తొమ్మిదికంతా బిగించేస్తా. మీ వండిలోనే కోవిల్‌పట్టి వస్తా. బ్రేకూ చూసినట్టవుతాది, నాకూ బస్సు చార్జీ మిగులుతాది." బండిని ఆయన వండి అంటాడు.

సాత్తూరు

మూడో రోజు పొద్దున ఆయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. సెన్సరు బిగించాక దీపం ఆరిపోయింది. ఆయన ముందు సీట్లో నా పక్కన, సర్టిఫికెట్ల కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. భారతి వెనక కూర్చుంది. దారి పొడవునా తుమ్మచెట్లు, నల్లరేగడి, అక్కడక్కడా అగ్గిపెట్టెల కంపెనీల పొడుగాటి పెంకుటిళ్ళు. ఒక మళ్ళింపు దగ్గర బ్రేకు తొక్కితే బండి చక్కగా ఆగింది. ఆయన తొడ మీద చిన్నగా చరుచుకున్నాడు.

సాత్తూరు దగ్గర దీపం మళ్ళీ వెలిగింది. బస్సు ఆగిందని నేను బ్రేకు వేస్తే, పెడలు మళ్ళీ గరగరమంది. పక్కకు తీసి ఆపాను. తొమ్మిదిన్నర దాటుతోంది.

గురుసామి దిగి, తెల్లచొక్కా విప్పి మడిచి, "కొంచెం పట్టుకోండక్కా" అని భారతి చేతికిచ్చాడు. బనీనుతో బండి కింద దూరాడు. కాసేపటికి తల బయటికి పెట్టాడు.

"సార్, తప్పుగా అనుకోవద్దు. ఇంగొకతూరి అడుగుతా. బేరింగు షోరూములో దానే?"

నిన్న ఆడింది అలవాటు కొద్దీ ఆడిన అబద్ధం. ఇవాళ అలా కాదు. కొత్త సెన్సరు వేసినా రోగం పోలేదంటే అది బేరింగేనని, మస్తాను సుత్తేనని నాకు అప్పుడే అర్థమైంది. సైన్సు చెప్పినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? నోరు తెరిస్తే చాలు. కానీ వెనక సీట్లో భారతి ఉంది, ఇంట్లో పోపులపెట్టెలో నట్లు ఉన్నాయి.

"షోరూములోనే" అన్నాను.

"అట్లయితే కొత్త సెన్సరు గంటలో పోయేదానికి లేదు. యాడనో వైరు ఒరుసుకుని షార్టు అవుతుండాది. అది కనిపెట్టకుండా మిమ్మల్ని పంపిస్తే, వండి కాలిపోతే?"

"మీరు బస్సెక్కి వెళ్ళండి. మేం ఎలాగో చూసుకుంటాం" అంది భారతి.

"ఎట్ల పోయేదక్కా? నేను చెయ్యి పెట్టిన వండి."

మళ్ళీ కింద దూరాడు. దోసకాయలమ్మే ఆడవాళ్ళు బస్సుల కిటికీల వెంట పరిగెడుతున్నారు. నాలుగు దోసకాయలు ఐదు రూపాయలు, నిలువునా చీల్చి కారం అద్ది ఇస్తారు. మన దగ్గర దోసకాయంటే పప్పులోకి, అక్కడ దాహానికి. సాత్తూరు కారప్పూస కూడా కొన్నాను. ఇవన్నీ ఇంత బాగా గుర్తుండటం నాకే సిగ్గుగా ఉంది. ఆయన ఒక్కో వైరూ వేలితో తడుముకుంటూ పోతుంటే నేను కారప్పూస నములుతూ నిలబడ్డాను.

భారతి చెట్టు నీడన, ఆ చొక్కా నలగకుండా రెండు చేతుల మీద పెట్టుకుని నిలబడింది. గడియారం చూసుకుంది. నా దగ్గరికొచ్చి మెల్లగా అంది, "ఆయనకు చెప్పాల్సిందేమైనా మిగిలిందేమో చూసుకోండి."

"ఏమీ లేదు" అన్నాను.

ఆయన కింద నుంచి లేచేసరికి పదకొండూ పది. వైర్లన్నీ బాగానే ఉన్నాయన్నాడు. మోచేతులకు దుమ్ము, మోకాలి దగ్గర ప్యాంటుకు నూనె మరక. చొక్కా వేసుకునే ముందు చేతులు మా మరచెంబు నీళ్ళతో కడుక్కున్నాడు. అందులోనూ నీళ్ళు మరీ వృథా చేయకుండా కడుక్కున్నాడు.

కోవిల్‌పట్టి

బ్రేకు కంప్యూటరు ఫ్యూజు పీకేసి, మామూలు బ్రేకుతో మెల్లగా వెళ్ళాం. నేరుగా ఆ సర్వీసు సెంటరుకే పోనిచ్చాను. ఇంకా సున్నం వాసన పోని పెద్ద షెడ్డు, గేటుకు మామిడాకులు. గురుసామి కవరు పట్టుకుని లోపలికి వెళ్ళి ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"పదకొండుకే మొదలుపెట్టేసినారంట. లేటుగా వచ్చినోళ్ళ చేతి పని చూడరంట." సీటు బెల్టు పెట్టుకుంటూ, "పరవాలేదు సార్. మన వండి చూద్దాం పదండి" అన్నాడు.

మన వండి అన్నాడు.

ఆయన బంధువుల లేతు షాపు ఒకటి దగ్గరలోనే ఉంది. అక్కడ చక్రం విప్పి, బేరింగును అది కూర్చునే ఇనుప గూడుతో సహా బయటికి తీశారు. బేరింగు అంచున నల్లటి రబ్బరు పట్టీ ఉంటుంది, దాని నిండా సన్నసన్నటి అయస్కాంతాలు. వాటినే సెన్సరు లెక్కపెట్టేది. గురుసామి దాని మీద పలచటి కాగితం పరిచి, రీలు డబ్బీ తీసి, ముగ్గు వేసే చేత్తో వేసినట్టు ఇనుపపొడి చల్లాడు. వేలితో కాగితాన్ని తట్టాడు. పొడి కదిలి, దువ్వెన పళ్ళలా గీతలు గీతలుగా సర్దుకుంది.

అయస్కాంతం, కాగితం, ఇనుపరజను. ముప్పయ్యేళ్ళు పదో తరగతికి నేను చేసి చూపించిన ప్రయోగం అదే. శివకాశిలో అచ్చైన బలరేఖల పటం నా తరగతి గోడ మీద ఎప్పుడూ వేలాడేది. ఈ ప్రయోగం ఎవరికైనా దేనికైనా పనికొస్తుందని నాకు ఏనాడూ తోచలేదు.

గీతలు చుట్టూరా బాగానే ఉన్నాయి. ఒక్కచోట బొటనవేలంత మేర ఏమీ లేదు, పొడి చెల్లాచెదురుగా పడి ఉంది. గురుసామి కాగితం తీశాడు. ఆ చోట పట్టీ చిట్లి, ముక్క రాలిపోయింది. పక్కన ఉక్కు మీద గుండ్రటి గంటు. సుత్తి మూతి ఎంత ఉంటుందో అంత.

ఆయన ఆ గంటు మీద వేలు పెట్టి నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేకపోయాను.

"ఏమైంది?" అంటూ భారతి దగ్గరికొచ్చింది.

బేరింగును గంటు కిందికి వచ్చేలా తిప్పి పట్టుకున్నాడు గురుసామి. "కంపెనీలో చేసినప్పుడే తప్పుగా వచ్చిండాదక్కా. కొన్ని అట్ల వచ్చేస్తాయి. షోరూమోళ్ళ తప్పుగాని, సార్ తప్పుగాని లేదు."

"ఇది బేరింగని పొద్దునే తెలిసుంటే?" అని అడిగింది భారతి.

"తెలిసుంటే ఏముందక్కా, ఫ్యూజు పీకేసి వచ్చేసేది. ఐదు నిమిషాల పని."

భారతి బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చుంది. కోవిల్‌పట్టి వేరుశనగ చిక్కీ చాలా పేరున్నది. లేతు షాపువాళ్ళు ప్లేటు నిండా పెట్టారు. మన చిక్కీ కన్నా పలచన, బెల్లం ముదురు పాకం, పైన ఎర్రగా కొబ్బరి కోరు. ఆమె ఒక్క ముక్కా ముట్టలేదు.

నేను గురుసామిని పక్కకు పిలిచాను. "పదండి, ఆ సెంటరుకు నేనూ వస్తాను. ఆలస్యానికి కారణం నేనేనని వాళ్ళతో చెబుతాను."

"ఏమని చెప్తారు సార్?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. అరుగు మీద భారతి మాకు వినపడేంత దగ్గరలోనే ఉంది. నా చేతిలో చిక్కీ ముక్క ఉంది. దాన్ని విరిచి నోట్లో పెట్టుకున్నాను. ఆయన అది చూసి, కొత్త బేరింగు కోసం బజారుకు వెళ్ళాడు. దాన్ని ప్రెస్సులో పెట్టి, చూస్తుండగానే, ఒక్క దెబ్బా వేయకుండా ఎక్కించాడు. పాతదాన్ని కాగితంలో చుట్టి, గంటు లోపలికి పోయేలా మడిచి, నా చేతికిచ్చాడు.

తిరుగుదారి

కన్యాకుమారిలో మూడు రోజులున్నాం. దీపం మళ్ళీ వెలగలేదు. తిరిగొస్తూ సాత్తూరులో అదే చోట దోసకాయల కోసం ఆపాను. భారతి కిందికి చూస్తూ అంది, "షోరూమువాళ్ళు బండిని కడగకుండా ఇవ్వరు. ఆ రోజు మీరు తెచ్చినప్పుడు దాని మీద దుమ్ము దుమ్ములాగే ఉంది."

నేను దోసకాయల డబ్బులు లెక్కపెట్టాను.

"మీ నోటితో మీరే చెబుతారేమోనని చూశాను. ఇక్కడే, ఆ చొక్కా పట్టుకుని. మీ పంతం మీది, నా పంతం నాది. మధ్యలో ఆయన నలిగిపోయాడు. నేనైనా చెప్పి ఉండాల్సింది." ఆమె దోసకాయ ముక్కను తిరిగి నా చేతిలో పెట్టింది. "నాకూ పాపం ఉంది ఇందులో."

లేదని నేననలేదు. అనడానికి నాకు అర్హత ఎక్కడిది? ఇద్దరం ఒకే ఇంట్లో ముప్పయ్యేళ్ళుగా ఇలాంటి ఆటలు ఆడుకున్నాం, అవి మా గోడలు దాటలేదు. మొదటిసారి దాటాయి, దాటి ఒక మనిషి బతుకు మీద పడ్డాయి.

విరుదునగర్ షెడ్డులో గురుసామి ఒక లారీ కింద ఉన్నాడు. మమ్మల్ని చూసి బయటికొచ్చాడు. మొదలాళి కుర్చీ వేయించాడు, నేను కూర్చోలేదు. అందరి ముందూ చెప్పేశాను. బేరింగు షోరూములో మార్పించలేదని, సుత్తితో కొట్టించానని, సాత్తూరులో ఆయన అడిగినప్పుడు నాకు తెలుసునని.

మొదలాళి నవ్వి, అలాంటివి రోజూ వింటామన్నాడు. గురుసామి నవ్వలేదు. గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"తెలుసు సార్. సుత్తి దెబ్బ నాకు తెలీదా?" అని, గుడ్డను భుజాన వేసుకుని, "సాత్తూర్లో చెప్పుంటే బాగుండు" అన్నాడు.

తర్వాత మాకు టీ తెప్పించాడు. నేను తాగుతుండగా కారు దగ్గరికెళ్ళి, ముందు ఎడమ చక్రం పక్కన గొంతుక్కూర్చుని చేత్తో అటూ ఇటూ ఊపి చూశాడు. లేచి నా పక్కనుంచే నడిచి వెళ్ళి, భారతి ముందు నిలబడ్డాడు.

"బ్రేకు బాగా పడుతుండాదా అక్కా?" అని ఆమెను అడిగాడు. బండి నడిపేది నేనేనని ఆయనకు తెలుసు.